చెడిపోలేదు, సీటు మారారు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. ఫోన్లొచ్చి పిల్లలు చెడిపోయారని, నిన్నటిదాకా చంకనెక్కిన వాడు ఇవాళ మొహం కూడా చూడటం లేదని ఆయన బాధ. చదివి ఊరుకుందామనుకున్నాను, ఊరుకోబుద్ధి కాలేదు. నేను నెల్లూరు వేదాయపాళెంలో స్కూలు ఆటో నడుపుతాను. 2004 నుంచి ఇదే పని. ఎల్‌కేజీలో ఎక్కినవాడు ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో సైకిల్ కొనిచ్చేదాకా నా బండిలోనే వస్తాడు. పదేళ్లపాటు రోజుకు రెండుసార్లు చూస్తానన్నమాట. (ఒక ట్రిప్పులో ఎంతమందిని ఎక్కిస్తానని మాత్రం అడక్కండి. పేపర్ ఆర్టీవో ఆఫీసులో కూడా చదువుతారు.)

ఎవరికి ఎంత వయసో నాకు సీటును బట్టి తెలిసిపోతుంది.

జూన్‌లో బడులు తెరిచిన కొత్తల్లో ఎల్‌కేజీ వాళ్లు నా వెనకే నిలబడి నా చొక్కా వదలరు. మొదట్లో ఏడుపు బడి గేటు దాకా సాగుతుంది. రెండు వారాలు పోతే వీధి మలుపు దాకానే, అమ్మ కనబడినంతసేపే. వీళ్ల లెక్కలో బండికి ప్రాణం ఉంటుంది. నవంబర్ ముసురులో స్టార్ట్ కాకపోతే "అంకుల్, ఆటోకి జొరమొచ్చిందా?" అంటారు. ఒకడైతే తన సీసాలో నీళ్లు హ్యాండిల్ మీద పోశాడు, తాగమని. ఇంకోసారి అన్నదమ్ములిద్దరికీ చెరో బిస్కెట్ ఇచ్చాను. చిన్నోడు ఒకటి చాలదని ఏడుపు. వాడిదే తీసుకుని రెండు ముక్కలు చేసి ఇచ్చాను. "ఇప్పుడు నాకు రెండు" అని నవ్వాడు. రెండో క్లాసు అన్న మాత్రం నన్నూ వాణ్నీ మార్చి మార్చి చూసి "అంకుల్, మోసం" అన్నాడు.

మా అమ్మాయి టీచరు కావడానికి రాసే టెట్ పరీక్షకు చదువుతోంది. రాత్రిపూట పాఠాలు పైకి చదువుతుంటే అన్నం తింటూ వింటుంటాను. పియాజే అని పిల్లల మనసు మీద పరిశోధన చేసిన స్విట్జర్లాండ్ ఆయన. ప్రాణం లేనివాటికి ప్రాణం ఉందనుకోవడం సర్వాత్మవాదమట. ముక్కలు చేసినా మొత్తం పెరగదని తెలియకపోవడం పూర్వ ప్రచాలక దశ, అంటే సుమారు రెండు నుంచి ఏడేళ్ల దాకా. ఆ తర్వాతది, బిస్కెట్ మోసం పట్టేసిన అన్న వయసుది, మూర్త ప్రచాలక దశ. ఈ పేర్లకు నాకు నోరు తిరగదు గానీ అందులో పిల్లలు మాత్రం నా బండిలో వాళ్లే. ఆయన తన సొంత పిల్లలు ముగ్గుర్ని చూసి చాలా రాశాడట. ముగ్గురితో సరిపెట్టుకుంటే నాకు డీజిల్ ఖర్చు కూడా రాదు.

మూడు, నాలుగు క్లాసుల వాళ్లు పోలీసులు. అంచు సీటులో ఎవరు ఏ రోజు కూర్చోవాలో ఒక పాప కాగితం మీద రాసి, గమ్ పెట్టి నా సీటు వెనక అంటించింది. సోమవారం సెలవొస్తే సోమవారం వాడి వంతు పోయినట్టే. పాపం అని నేను కల్పించుకుంటే "రాసుంది కదా అంకుల్" అంటుంది. వీఆర్‌సీ సెంటర్లో ఎర్రలైటు పడ్డాక బండి అంగుళం కదిలినా అందరూ ఒక్కసారే అరుస్తారు. ఇళ్లలో వీళ్లను చాడీలకోరులంటారు. రూలు తప్పితే లోకం తలకిందులవుతుందని వాళ్ల భయం, అంతే. అదే పాప ఆరో క్లాసుకొచ్చేసరికి "ఇవాళ నీ వంతు నాకియ్యి, శుక్రవారం నాది తీసుకో" అని బేరం పెట్టింది. కాగితం తనే చింపేసింది. గోలీలాట రూల్స్ గురించి పిల్లల్ని అడిగి పియాజే కూడా ఇదే చెప్పాడట. పదేళ్లు దాటుతుంటే గానీ, రూలు మనం పెట్టుకున్నదేననీ అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చనీ తెలియదట.

ఏడో క్లాసు సగానికి వెనక సీటు నిశ్శబ్దమైపోతుంది. ఆడపిల్లల్లో ఈ మార్పు ముందొస్తుంది, మగపిల్లల్లో ఏడాదో రెండేళ్లో వెనక. ఒకే క్లాసు వాళ్లు పక్కపక్కన కూర్చుంటే అక్కా తమ్ముళ్లలా కనబడతారు. పొద్దున ఎక్కడం ఎక్కడమే కునుకు. "రాత్రి పన్నెండైనా పడుకోడు, పొద్దున లేవడు, ఇట్టా అయిపోయినాడేందన్నా" అని ఒక తల్లి రోజూ మొర. నా బండిలో కూతుర్ని పంపే పిల్లల డాక్టరమ్మ ఒకరు చెప్పారు, ఆ వయసులో ఒంట్లో నిద్రవేళే గంటా రెండు గంటలు ఆలస్యానికి జరుగుతుందట. ఫోను దాన్ని ఇంకా పాడుచేస్తుంది గానీ మొదలుపెట్టింది ఫోను కాదు. ఆ తల్లి, ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె పట్టుకునే మా ఊరి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి కొడుకు కోసం చదువు రొట్టె పట్టుకుంది. "మాట వినే రొట్టె కూడా ఉంటే బాగుండన్నా" అంది.

నాకూ అలాంటి రొట్టె కావాల్సి వచ్చిన రోజుంది. మా అబ్బాయి ఎనిమిదో క్లాసులో ఉండగా "నాన్నా, గేటు దాకా రావద్దు, జెరాక్స్ షాపు దగ్గరే దించెయ్" అన్నాడు. నా ఆటో అంటే సిగ్గుపడుతున్నాడనుకుని చెంప పగలగొట్టాను. వారం తిరక్కుండానే అదే జెరాక్స్ షాపు దగ్గర ఒక పెద్ద కారు ఆగింది. అందులోంచి మావాడి క్లాసు పిల్లవాడు దిగి, తల్లి చెయ్యి ఊపుతున్నా వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. మావాడిప్పుడు శ్రీసిటీలో కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆ దెబ్బ గుర్తుందా అని ఇంతవరకు అడగలేదు.

అన్నీ వయసు మీదకే తోసెయ్యమని అనడం లేదు. వయసు మార్పు నెలల మీద వస్తుంది. నాలుగో క్లాసు పాప ఒకతె వారం రోజుల్లో మాట మానేసింది, సాయంత్రం దిగనని సీటు కమ్మీ పట్టుకుంది. వాళ్లమ్మతో చెప్పాను. ట్యూషన్లో కొడుతున్నారని తేలింది. అలాంటిది చూస్తే ఇంట్లో చెప్పండి, ఇంట్లో వాళ్లతోనే భయమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

ఇక నా మనవి. 2025 జూలై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, మంచి పని. మళ్లీ పెట్టినప్పుడు ఏడో క్లాసు తల్లిదండ్రుల్ని పది నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, ఎనిమిదిలో మీవాడు ఇలా ఉంటాడు, కంగారుపడి కొట్టకండి అని ఒక టీచరు చెప్తే చాలు. టీటీసీలో, బీఈడీలో వాళ్లు చదువుకున్నదే. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఉత్తరం వేస్తే నా పేరు వెయ్యకండి. వేస్తే అంచు సీటు పాప ఎవరో మా వీధిలో అందరికీ తెలిసిపోతుంది. ఆమెకిప్పుడు పద్నాలుగేళ్లు, ఇలాంటివి అస్సలు ఒప్పుకోదు.

ఇట్లు,
ఒక స్కూలు ఆటో డ్రైవరు,
వేదాయపాళెం, నెల్లూరు