గ్రోనింగెన్ నుంచి నాయనకు

గ్రోనింగెన్

నాయనకు నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. ఇక్కడ నెదర్లాండ్స్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. చలికంటే ఈ చీకటే నాకు ఎక్కువ చిరాకు.

‘టెలిస్కోపులో దుమ్ము చూడటానికి అంత దూరం పోవాలా’ అని మామ అడిగాడని రాశారు. అడిగింది సబబే. నేను చూసేది దుమ్మునే. కాకపోతే నాకు కావలసింది దాని వెనకాల ఉంది.

సిగ్నస్ ఎ అని ఒక గెలాక్సీ ఉంది. మనకు దాదాపు 75 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అంత దూరంలో ఉన్నా మన ఆకాశంలో రేడియో తరంగాలు బలంగా వచ్చే చోట్లలో అదొకటి. 1953లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకులో రోజర్ జెనిసన్, కలకత్తా నుంచి వెళ్లిన మృణాల్ కుమార్ దాస్‌గుప్తా కలిసి ఒక వింత కనిపెట్టారు. ఆ తరంగాలు గెలాక్సీ నడిమి నుంచి కాదు, దానికి అటూ ఇటూ ఉన్న రెండు పెద్ద మబ్బుల నుంచి వస్తున్నాయి. ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 4 లక్షల కాంతి సంవత్సరాలు. వాటికి శక్తినంతా పంపేది నడిమిలో ఉన్న కృష్ణబిలం. దాని బరువు మన సూర్యుడికి దాదాపు 250 కోట్ల రెట్లు.

చిక్కు ఎక్కడంటే, కృష్ణబిలం అంత మేత మేస్తుంటే, లోపలికి పడే పదార్థం భగభగ వెలగాలి. అలా వెలిగే వాటిని క్వేజార్లంటారు. సిగ్నస్ ఎ నడిమి మాత్రం మామూలు కాంతిలో మసకమసకగానే ఉంటుంది. 1989లో మా ఊరి ఖగోళ శాస్త్రవేత్త పీటర్ బార్తెల్ ఒక మాటన్నాడు: శక్తిమంతమైన ఈ రేడియో గెలాక్సీలూ, క్వేజార్లూ వేరు కావు, మనం ఏ వైపు నుంచి చూస్తున్నామన్నదే తేడా. నడిమి చుట్టూ దుమ్ముతో దట్టమైన వలయం ఉంటుంది. పై నుంచి చూస్తే క్వేజారు కనిపిస్తుంది, పక్క నుంచి చూస్తే వలయం అడ్డొస్తుంది.

మరి అడ్డమొచ్చిన దాని వెనక ఏముందో తేలేదెలా? అవ్వ అనే నివురుగప్పిన నిప్పే ఇది. దుమ్ము లోపలి వెలుగును మింగి వేడెక్కుతుంది, ఆ వేడిని కంటికి కనపడని పరారుణ కాంతిగా బయటికి వదులుతుంది. బాగా దగ్గరున్న దుమ్ము 1,500 కెల్విన్ దాకా, అంటే మన లెక్కలో 1,200 డిగ్రీలకు పైగా, కాగుతుంది. అంతకు మించితే రేణువులే ఆవిరైపోతాయి. ఆ లోపలి అంచు నుంచి దూరం పోయేకొద్దీ చల్లబడుతుంది.

ఇంతవరకు వినడానికి సులువే. అసలు పాట్లు కొలతలో ఉన్నాయి. పరారుణ కాంతి తరంగాల పొడవును మైక్రాన్లలో కొలుస్తారు, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను. సుమారు 10 మైక్రాన్ల దగ్గర మనిషి ఒళ్లు కూడా వెలుగుతుంది. గది గోడలు, టెలిస్కోపు అద్దం, పైనున్న గాలి, అన్నీ వెలుగుతాయి. అందుకే పరారుణ పరికరాలను అంతరిక్షానికి పంపి, అక్కడ గడ్డకట్టేంత చల్లగా పెడతారు. 1983లో ఎగిరిన ఇరాస్ ఉపగ్రహంలో ఈ దేశానిది కూడా వాటా. దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం అయిపోయేదాకా, అంటే దాదాపు పది నెలలు, అది పనిచేసింది. తర్వాత 2003లో స్పిట్జర్ అనే అంతరిక్ష టెలిస్కోపు వెళ్లింది. 2021 డిసెంబరులో ఎగిరిన అంతరిక్ష టెలిస్కోపు జేమ్స్ వెబ్‌లో మిరి అనే పరికరాన్ని 7 కెల్విన్ కంటే తక్కువకు, అంటే సున్నాకు కింద 266 డిగ్రీలకు చల్లబరుస్తారు. మా చలికాలం మీద ఇక నేను ఫిర్యాదు చేయకూడదేమో!

మీకు నచ్చే సంగతి ఇంకొకటి. ఆ దుమ్ములో సిలికేట్లు ఉంటాయి, మీ గనిలోని అభ్రకం ఉన్న ఖనిజాల కుటుంబమే. అవి 9.7 మైక్రాన్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకుంటాయి. అందుకని, ఏ తరంగంలో ఎంత కాంతి వస్తోందో చూపే సిగ్నస్ ఎ గ్రాఫులో సరిగ్గా అక్కడ ఒక గుంట పడుతుంది. పేపర్లలో వచ్చే రంగురంగుల బొమ్మల కంటే నాకు ఆ గుంటే ఇష్టం. దుమ్ము మనకీ ఆ వేడికీ మధ్యలో ఉందని అది చెప్పేస్తుంది.

అయితే అన్ని రేడియో గెలాక్సీల కథా ఇది కాదు. ఎమ్ 87 అనే గెలాక్సీ ఉంది కదా, 2019లో దాని కృష్ణబిలం ఫోటో పేపరులో చూసి మీరు నాకు ఫోన్ చేశారు. అక్కడ కృష్ణబిలం సిగ్నస్ ఎ దానికంటే పెద్దది. హవాయిలోని కెక్ టెలిస్కోపుతో 11.7 మైక్రాన్ల దగ్గర చూస్తే, దాచిన క్వేజారు వల్ల రావలసిన వేడి అక్కడ లేదు. కనిపించిన కాస్త కాంతికీ కృష్ణబిలం దగ్గర నుంచి ఎగజిమ్మే ధార చాలు. స్పిట్జర్‌తో చూసిన బలమైన రేడియో గెలాక్సీల్లో కూడా సుమారు సగం వాటిలోనే దాగిన క్వేజారు ఆనవాళ్లు దొరికాయి. కొన్ని దాస్తున్నాయి, కొన్నింటి దగ్గర దాచడానికేమీ లేదు. మా గుంపులో గొడవంతా ఏది ఏ రకమో తేల్చడం మీదే. చాలామంది దాగినవి దొరికితే సంబరపడతారు. నాకైతే ‘ఇక్కడేమీ లేదు’ అని తేలినవే ఎక్కువ ఆసక్తి. మేత లేకుండా అంత ధార ఎలా పుడుతోంది?

మీరు గనిలో ఉన్నప్పుడు పలుగురాయి పగలగొట్టకముందే లోపల అభ్రకం ఉందని ఎలా పసిగట్టేవాళ్లు? ఈసారి రాసేటప్పుడు తప్పకుండా రాయండి, మా ఆఫీసులో వాళ్లకూ చెప్తాను.

అమ్మ పంపిన గోంగూర పచ్చడి అయిపోవచ్చింది. సంక్రాంతికి రావడం కుదరదు, వేసవిలో వస్తాను. బి.పి. మాత్రలు మానకండి.

మీ
చిన్ని