స్టేషన్ దగ్గర సైకిళ్లకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ మెట్రో స్టేషన్ల దగ్గర సైకిల్‌కి గొలుసు వేసుకోవడానికి భూమిలో పాతిన ఇనుప కడ్డీ, పైన రేకు, చేతికి ఒక టోకెన్ కావాలి. ఈ మూడూ అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మేముండేది శివారు కాలనీలో. స్టేషన్‌కి నాలుగు కిలోమీటర్ల లోపే. ఫాస్టింగ్ శాంపిల్ ఇచ్చేవాళ్లు తెల్లారేసరికల్లా వచ్చి కూర్చుంటారు. వాళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లే ఎక్కువ. నేను ఆలస్యమైతే వాళ్లు ఖాళీ కడుపుతో అలాగే కూర్చోవాలి. మెట్రో పొద్దున్నే మొదలవుతుంది, రైలుతో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా ఇంటి నుంచి రైలు దాకా వెళ్లడంలోనే. ఆ టైములో షేర్ ఆటోలు నిండితే గానీ కదలవు. సిటీ బస్సు మా కాలనీ లోపలికి రాదు. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. మాలాంటి జీతగాళ్లకు అది చాలా పెద్ద ఆసరా. కానీ బస్సుదాకానో రైలుదాకానో వెళ్లే ఆటోకి పోనూ రానూ 40 రూపాయలు ఎక్కడికీ పోవు. సైకిల్ మీదైతే పావుగంట. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, ఫలానా టైముకి ప్లాట్‌ఫాం మీద ఉంటానని ధైర్యంగా చెప్పొచ్చు. నేను సైకిల్ తొక్కేది ఈ ధైర్యం కోసమే. డబ్బు మిగలడం ఆ తర్వాతి మాట.

నేను రైలెక్కే స్టేషన్ పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్కచోటి సమస్య అనుకోను. అక్కడ పార్కింగ్‌లో బైకులకు గీతలు గీశారు, కార్లకు గీశారు. సైకిల్ తీసుకెళ్తే, ‘సైకిల్‌కి టోకెన్ లేదమ్మా, ఆ మూలకి పెట్టుకోండి’ అంటారు. మూల అంటే ప్రహరీ పక్కన స్తంభం. టోకెన్ లేదంటే అది ఎవరి పూచీ కాదన్నమాట. సాయంత్రం వచ్చేసరికి ఎవరో బైకు స్టాండు మా చక్రంలోకి దూర్చి ఉంటారు. ఒకసారి వెనక చక్రం పుల్లలు రెండు విరిగి, రిమ్ము వంగి బ్రేకు రబ్బరుకి రాసుకుంటుంటే, సైకిల్ షాపు దాకా నడిపించుకుంటూ వెళ్లాను. బెండు తీసి పుల్లలు వేసినాయన, స్టేషన్‌లో పెట్టే సైకిళ్లకు ఇదే రిపేరు ఎక్కువ వస్తోందమ్మా అన్నాడు. వాల్ ట్యూబులు పీకేయడం, సీటు కవర్లు పోవడం మామూలే.

ఆ మూలన నా సైకిల్ ఒక్కటే ఉండదు. నైట్ డ్యూటీ చేసి వచ్చే సెక్యూరిటీ గార్డులవి, హోటల్లో పనిచేసే కుర్రాళ్లవి, ఆఫీసుల్లో హౌస్ కీపింగ్ చేసే ఆడవాళ్లవి ఉంటాయి. ఒకావిడ మొదట్లో ‘అక్కా, నీ గొలుసులో నాది కూడా కలిపి వేస్తావా? నాకు తాళం లేదు’ అని అడిగింది. స్తంభం లావు, చిన్న గొలుసు దాని చుట్టూ తిరగదు. నాది పొడుగు గొలుసు కాబట్టి రెండూ కలిపి వేశాం. తీరా ఆమె డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతే, నేను వచ్చేదాకా స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. తర్వాత తాళానికి ఇంకో చెవి చేయించి ఆమెకిచ్చాను. నాలుగు అడుగుల ఇనుప గొట్టం వంచి కాంక్రీటులో పాతి ఉంటే, ఇద్దరం చెరొక తాళం వేసుకుని ఎవరి దారిన వాళ్లు పోయేవాళ్లం కదా!

మా అక్క కొడుకు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వీడియో కాల్‌లో అక్కడి రైల్వే స్టేషన్ కింద సైకిళ్ల పార్కింగ్ చూపించాడు. మూడు అంతస్తులు, 12,500 సైకిళ్లు. 2019లో పూర్తయింది. మొదటి 24 గంటలు రూపాయి కట్టక్కర్లేదు. సూటు వేసుకున్నాయన, బడి పిల్ల, బామ్మగారు, అందరూ సైకిల్ మీదే వచ్చి రైలెక్కుతున్నారు. అంత మనం ఇప్పుడే కట్టాలని నేననను. మన కొచ్చి మెట్రోలో 2020 నుంచే సైకిల్‌ని రైల్లోకి తీసుకెళ్లనిస్తున్నారు. దాన్ని కూడా అడగను, పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేటలో రైలు మారినవాళ్లెవరికైనా కారణం తెలుసు.

మెట్రో మొదలైన కొత్తలో కొన్ని స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు. మంచి పనే. అయితే ఆ సైకిల్ స్టేషన్ దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున నాకు కావాల్సింది ఇంటి దగ్గర. రైలు దిగి ఆఫీసుకి పోవడానికి అద్దె సైకిల్, రైలెక్కడానికి సొంత సైకిల్. నెదర్లాండ్స్‌లో రెండిటికీ విడివిడిగా ఏర్పాట్లున్నాయి. మనం మొదటిది కొంత ప్రయత్నించాం, రెండోదాన్ని పట్టించుకోలేదు.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పుతో. ఆదివారం వ్యాయామానికి వెళ్లేవాళ్లు దాన్ని మెచ్చుకుంటుంటే నాకూ సంతోషమే. మా కాలనీ నుంచి స్టేషన్‌కి వెళ్లే రోడ్డుకి మాత్రం కప్పు అక్కర్లేదు, ఎడమ పక్క ఒక గజం వెడల్పు మాకు వదిలితే చాలు. దానికన్నా ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచున వేసిన ఇనుప జాలీల్లో కొన్నిటికి సందులు బండి పోయే వైపే ఉన్నాయి. సైకిల్ టైరు సన్నం, సందులో దిగబడుతుంది. వెనక లారీ వస్తుంటే దాన్ని తప్పించుకోవడానికి పక్కకి తిప్పాలంటే గుండె ఆగినంత పనవుతుంది. ఆ జాలీలను అడ్డంగా తిప్పి బిగిస్తే సరిపోతుంది. వానాకాలం రాకముందే చేయగలిగిన పని ఇది.

ఇప్పుడున్న 57 స్టేషన్లలో స్థలం లేదని ఎవరైనా అనొచ్చు. ఒక కారు ఆగే చోట పది సైకిళ్ల దాకా పడతాయి. స్టేషన్‌కి రెండు కార్ల చోటు ఇవ్వండి, లైటు పడే చోట, గార్డుకి కనబడేట్టు. చీకటి పడ్డాక ఆ మూల నుంచి సైకిల్ తీసుకునే ఆడవాళ్లకు ఆ లైటు ఎంత అవసరమో వేరే చెప్పాలా? రెండో దశలో ఐదు మార్గాల్లో 76.4 కిలోమీటర్లు వేయాలని రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ స్టేషన్ల నక్షాల్లో లిఫ్టు, టికెట్ కౌంటర్ గీసినట్టే సైకిల్ స్టాండు కూడా ముందే గీయమని అధికారులను కోరుతున్నాను. కట్టేశాక వెతికితే దొరికేది మళ్లీ ఆ మూలే.

ముందుగా శివారుల్లో ఉన్న చివరి స్టేషన్లలో ఒక్కదాంట్లో పెట్టి చూడండి. ఉచితంగా ఇమ్మని మేం అడగడం లేదు. టోకెన్ ఇచ్చి పూచీ తీసుకుంటే రోజుకి 5 రూపాయలు సంతోషంగా కడతాం.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్