దేశాల లెక్కతో పాటు రాత్రుల లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఈ మధ్య వేసవి ప్రయాణాల పేజీ చూశాను. పిల్లలతో పన్నెండు రోజుల్లో ఎనిమిది యూరప్ దేశాలు ఎలా చుట్టి రావచ్చో రూటుమ్యాపుతో సహా వేశారు. మ్యాపు ముచ్చటగా ఉంది. దాదాపు అలాంటిదే మేమూ గీసుకుని నాలుగేళ్ళ పాపతో, మా అత్తయ్యతో కలిసి బయల్దేరాం. ఆరో రాత్రికి ఆ మ్యాపుని పక్కన పడేయాల్సి వచ్చింది. ఎందుకో చెబుదామని ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే. కత్తిరించాల్సి వస్తే వీసా సంగతులు కత్తిరించండి, పాప సంగతి ఉంచండి.

పాప మాకు దత్తత వచ్చింది. ఇంటికి వచ్చేనాటికి రెండేళ్ళ ఎనిమిది నెలలు. శిశుగృహ వాళ్ళు ఒక గుడ్డసంచి ఇచ్చి పంపారు. అందులో రెండు గౌన్లు, టీకాల కార్డు, ఒక పసుపు ప్లాస్టిక్ బాతు. అంతకుముందు ఇంకో చోట ఉండేదట, అక్కడి నుంచి కూడా ఇలాగే సంచి సర్ది పంపించారట. ఈ ముక్క మాకు ముందే తెలుసు. తెలిసి కూడా పెట్టెలు సర్దేటప్పుడు గుర్తు రాలేదు, అదే నా బాధ. మా హడావుడి అంతా కాగితాల మీదే ఉంది.

ఆ కాగితాల సంగతి ముందు చెప్పేస్తాను. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే చెల్లే షెంజెన్ వీసా రుసుం 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరేళ్ళు దాటి పన్నెండు నిండని పిల్లలకి 45. ఆరేళ్ళ లోపు వాళ్ళకి రుసుం లేదు. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి వేలిముద్రలు అక్కర్లేదు. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా మాత్రం పాపకీ ఉండాల్సిందే. దత్తత పూర్తయ్యాక ఇచ్చే జనన ధ్రువపత్రంలో మా ఇద్దరి పేర్లే ఉంటాయి కాబట్టి పేచీ లేదు. కాకపోతే పుట్టింది ఒక ఏడాది, పత్రం మీద తేదీ దాదాపు మూడేళ్ళ తర్వాతది. ఎవరైనా అడుగుతారేమోనని కలెక్టరు గారు ఇచ్చిన దత్తత ఉత్తర్వు నకలు ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాను. అది నా తెలివితక్కువతనం. వీసా దరఖాస్తులు తీసుకునే చోట కౌంటర్లో అమ్మాయి దాన్ని చూసి, "ఓ, దత్తత పాపా!" అని హాలంతా వినపడేలా అంది. క్యూలో ఉన్నవాళ్ళందరూ పాప వైపు తిరిగారు. మాలాంటి వాళ్ళెవరైనా వెళ్తుంటే ఆ ఉత్తర్వుని కవర్లో పెట్టి ఫైలు అడుగున ఉంచుకోండి. అడిగితేనే తీయండి.

ఇంకో చిన్న విషయం. బయటి దేశాల నుంచి పాలపదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. మా అత్తయ్య కాచి పెట్టిన నెయ్యి సీసా గుమ్మం దాటలేదు. దాని గురించి ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

పారిస్‌లో దిగాం. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంది, పాపకి వాళ్ళ నాన్న ఇంటిపేరు. ఇమిగ్రేషన్ ఆఫీసరు నన్నూ పాపనీ మార్చి మార్చి చూసి, జనన ధ్రువపత్రం ఉందా అని అడిగాడు. చూపించాను. వంగి పాప పేరు అడిగాడు. అది వాళ్ళ నానమ్మ కొంగు చాటుకి పోయింది. ఆయన నవ్వి ముద్ర వేసేశాడు, మొత్తం నాలుగు నిమిషాలు. ఇలా అడిగితే కొందరు తల్లులకు అవమానంగా ఉంటుందట. నాకేమీ అనిపించలేదు. పసిపిల్లని ఎవరు ఎక్కడికి తీసుకెళ్తున్నారో సరిహద్దు దగ్గర అడిగేవాడు ఒకడు ఉండాలి కదా.

మా లెక్క ప్రకారం పదిహేను రాత్రులు, ఏడు ఊళ్ళు. పారిస్ మూడు, ఆమ్‌స్టర్‌డామ్ రెండు, జర్మనీలో కొలోన్ ఒకటి, స్విట్జర్లాండ్‌లో లూసెర్న్ మూడు, ఇటలీలో వెనిస్ ఒకటి, ఫ్లారెన్స్ రెండు, రోమ్ మూడు.

పారిస్‌లో లక్సెంబర్గ్ తోట అని ఉంది. దాని మధ్యలో ఎనిమిది పలకల పెద్ద కొలను. అక్కడ చిన్న చిన్న చెక్క పడవలు అద్దెకిస్తారు, తెరచాపలతో, ఒక్కోదాని మీద ఒక్కో జెండా. చేతికి ఒక కర్ర కూడా ఇస్తారు. కర్రతో పడవని లోపలికి తోసేస్తే గాలి ఎటు వీస్తే అటు పోతుంది. పాప మొదటిసారి తోసి, అది దూరంగా పోతుంటే బిక్కమొహం వేసింది. పడవ అవతలి గట్టుకి తగిలింది. పరుగెత్తుకుంటూ కొలను చుట్టూ తిరిగి వెళ్ళి, "వచ్చేసిందమ్మా!" అని అరిచింది. మళ్ళీ తోసింది, మళ్ళీ పరుగు. అద్దె గడువు అయిపోతే ఇంకోసారి కట్టించింది. ఐఫిల్ టవర్ టికెట్ టైము దాటిపోతోందని నేను టెన్షన్ పడుతున్నాను. పంపడం, అందుకోవడం. ఆ ఒక్క ఆటలో దానికేం కనిపించిందో అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగో రోజు పొద్దున హోటల్లో పెట్టె తీసి బట్టలు మడత పెడుతున్నాను. పాప వచ్చి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏమీ మాట్లాడలేదు. రైలు ఎక్కే దాకా వాళ్ళ నాన్న షర్టు జేబులోంచి చెయ్యి తీయలేదు. కొత్త చోటు, నిద్ర చాలలేదేమో అనుకున్నాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో పెట్టె తెరవనివ్వలేదు, తెరిచాక మూయనివ్వలేదు. కాలవలు, పడవలు, సైకిళ్ళు, ఏదీ దాని కళ్ళకి ఆనలేదు.

కొలోన్‌లో ఒక్క రాత్రే. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా పెద్ద చర్చి, కట్టడం 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారట. చూశాం, అన్నం తిన్నాం, గదికి వచ్చాం. పడుకోబెడుతూ బూట్లు విప్పబోతే పాప కాళ్ళు ముడుచుకుంది. లేసులు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బుజ్జగించాను, కథ చెప్పాను, ఆఖరికి కసిరాను కూడా. వినలేదు. బూట్లతోనే, దుప్పటి పైనే, బాతుని చంకలో పెట్టుకుని నిద్రపోయింది.

అత్తయ్య చాలాసేపు దాని పక్కనే కూర్చున్నారు. తర్వాత మెల్లగా అన్నారు, "నాకు ఆరేళ్ళప్పుడు మా మేనత్త ఇంట్లో దింపి వచ్చారు, చదువు కోసమని. వారం రోజులు నేనూ చెప్పులు విప్పలేదమ్మాయ్. ఎవరైనా వచ్చి బయల్దేరమంటే ఆలస్యం కాకూడదని." మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాకు అప్పుడు వెలిగింది. ఈ పిల్ల జీవితంలో సంచి సర్దడమంటే ఒక ఇంటికి, అక్కడి ఆయమ్మకి, పక్కమంచం పిల్లలకి ఇక దూరమైపోవడం. రెండుసార్లు సర్దారు, రెండుసార్లూ వెనక్కి వెళ్ళలేదు. మేమేమో వారం తిరక్కుండా మూడుసార్లు దాని కళ్ళముందే పెట్టె సర్దాం. అది ఎవరిని వదిలేస్తారో తెలియక బూట్లు వేసుకుని సిద్ధంగా ఉంది.

ఆ రాత్రే వెనిస్, రోమ్ రద్దు చేశాం. వెనిస్ గది డబ్బు పూర్తిగా పోయింది, పోనీయండి. లూసెర్న్‌లో మూడు రాత్రులు అలాగే ఉంచి, మిగతా ఆరూ ఫ్లారెన్స్‌లోనే అనుకున్నాం. తిరుగు విమానం రోమ్ నుంచే అయినా ఫ్లారెన్స్ నుంచి హైస్పీడ్ రైల్లో గంటన్నర ప్రయాణం, ఆఖరి రోజు పొద్దున్నే వెళ్ళిపోవచ్చు.

అక్కడి నుంచి పద్ధతి మార్చాం. పాప ఎదుట పెట్టె సర్దడం మానేశాం. ఇంటి నుంచి తెచ్చిన పాత గలీబు ప్రతి చోటా దాని దిండుకి వేశాం, ఉతక్కుండానే, వాసన పోకూడదని. మా ఆయన ఒక కాగితం మీద మంచాలు గీశారు, రాత్రికో మంచం, చిట్టచివర మా ఇల్లు. పొద్దున లేవగానే పాప ఒక మంచం కొట్టేసేది. బయటికి వెళ్ళేటప్పుడు బాతుని దిండు మీద కాపలా పెట్టేవాళ్ళం. బాతు ఇక్కడే ఉందంటే మనం తిరిగి రావాల్సిందే కదా! లూసెర్న్‌లో మొదటి రోజు మూడుసార్లు గదికి తీసుకొచ్చి బాతుని చూపించాల్సి వచ్చింది. రెండో రోజు ఒకసారి. మూడో రోజు అడగలేదు.

రైళ్ళ గురించి మీ పేజీలో రాయని మాట ఒకటి చెప్పాలి. జర్మనీలో ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్ళలో పసిపిల్లలున్న వాళ్ళ కోసం తలుపు వేసుకునే చిన్న గది ఉంటుంది, ముందే రిజర్వ్ చేసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో కొన్ని డబుల్ డెక్కర్ రైళ్ళలో పైఅంతస్తులో జారుడుబల్లతో సహా ఆటస్థలం పెట్టారు. ఆరేళ్ళ లోపు పిల్లలకి ఆ రెండు దేశాల రైళ్ళలోనూ టికెట్ అక్కర్లేదు.

లూసెర్న్‌లో పాత చెక్కవంతెన మీద (1993లో చాలాభాగం కాలిపోతే మళ్ళీ కట్టారు) మన తెలుగువాళ్ళ టూర్ బృందం ఒకటి ఎదురైంది. ఏ ఊరు, ఏం చేస్తారు అన్నీ అయ్యాక ఒకావిడ పాప గడ్డం పట్టుకుని, "మీ ఇద్దరి పోలికా రాలేదే, ఎవరి పోలికండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచే లోపే అత్తయ్య, "నా పోలిక" అన్నారు. అత్తయ్య తెల్లటి మనిషి, కోల మొహం. పాప చామనఛాయ, గుండ్రటి మొహం. ఆవిడ ఇద్దరినీ చూసి తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రాత్రి పాప అద్దం ముందు నిలబడి తన మొహం చూసుకుని, "నేను నానమ్మలా ఉన్నాను" అని ప్రకటించింది.

లూసెర్న్ నుంచి ఇటలీలోని మిలాన్ వైపు వెళ్ళే రైలు ఆల్ప్స్ కొండల కింద గోట్‌హార్డ్ సొరంగంలోంచి పోతుంది. పొడవు 57 కిలోమీటర్లు, 2016లో రాకపోకలకు తెరిచారు. ఇరవై నిమిషాల చీకటి. పాప కిటికీకి ముక్కు ఆనించి, "బయటికి వస్తామా?" అని అడుగుతూనే ఉంది. వస్తామని చెబుతూనే ఉన్నాం. వెలుతురు రాగానే బూట్లు తనే విప్పేసి సీటు మీద కాళ్ళు పైకి పెట్టుకుంది. మా ఆయనా నేనూ మొహమొహాలు చూసుకున్నాం, ఏమీ అనలేదు.

ఫ్లారెన్స్‌లో ఆరు రాత్రులంటే పెద్దగా చూసేదేమీ లేనట్టు రోజూ ఒకే వీధిలో నడవడం, ఒకే కొట్లో ఐస్‌క్రీం, ఒకే మెట్ల మీద కూర్చోవడం. ఆ మెట్లు శాంతిస్సిమా అనున్‌జియాతా అనే చౌకులో ఉన్నాయి. మూడో రోజు తల ఎత్తి చూసేదాకా మేం ఎక్కడ కూర్చుంటున్నామో తెలియలేదు. తోరణాల మధ్య నీలం రంగు బిళ్ళలు, ఒక్కో బిళ్ళలో పొత్తిగుడ్డల్లో చుట్టిన తెల్లటి మట్టిబొమ్మ పాప. అది ఇన్నొచెంతి, అమ్మానాన్నలు పెంచలేని పసివాళ్ళ కోసం కట్టిన ఇల్లు. ఆ ఊరి పెద్ద చర్చి గుమ్మటం కట్టిన బ్రూనెలెస్కీయే దీన్నీ 1419లో మొదలుపెట్టాడు. డబ్బు పట్టు వర్తకుల సంఘానిది. మొదటి పాప 1445 ఫిబ్రవరి 5న వచ్చింది. ఆ రోజు సెయింట్ అగాథా పండుగట, ఆ పేరే పెట్టారు.

ఇప్పుడు లోపల మ్యూజియం ఉంది. గోడకి బుల్లి బుల్లి సొరుగులు. లాగితే ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు. సగానికి విరిచిన పతకం, పూసలు, రిబ్బన్ ముక్క. ఒక సగం బిడ్డ దగ్గర పెట్టి, రెండో సగం తల్లి తన దగ్గర ఉంచుకునేదట, ఎప్పుడైనా వస్తే గుర్తు పట్టడానికి. ఒక సొరుగు ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మా పాపని కన్నావిడ దగ్గర ఏముందో, అసలు ఏమైనా ఉంచుకోగలిగిందో.

పాప నా చెయ్యి గుంజి, "ఈ పాపలందరికీ ఆయమ్మ ఉందా?" అంది.

"ఉండేది."

"రాత్రి దుప్పటి కప్పేదా?"

"కప్పేది."

సరేనని ఇంకో సొరుగు లాగింది. శిశుగృహ నుంచి వచ్చాక ఆయమ్మ మాట దాని నోట రావడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఐస్‌క్రీం తింటూ ఆయమ్మ గాజుల గురించి, పక్కమంచంలో ఉన్న బాబు గురించి చాలా చెప్పింది. దేశాల లెక్కలో పరుగెడుతూ ఉంటే దానికి ఆ మాటలు చెప్పే తీరిక ఉండేది కాదు, మాకు వినే తీరికా ఉండేది కాదు. రోమ్ చూడలేదని చుట్టాలు జాలిపడుతున్నారు. చూడలేదు, నిజమే.

మీకు నా మనవి ఒకటే. ఇకమీదట పిల్లలతో ప్రయాణాల మ్యాపు వేసినప్పుడు ఎన్ని దేశాలో వేసినట్టే ప్రతి ఊరి పక్కన ఎన్ని రాత్రులో కూడా అంకె వేయండి. ఆ అంకె ఒకటి అని ఉన్న చోట పెట్టె మళ్ళీ సర్దాలని తల్లిదండ్రులకు తెలుస్తుంది.

నా పేరు, ఊరు ప్రచురించవద్దు. పాప సంగతి పెద్దయ్యాక ఎవరికి ఎంత చెప్పుకోవాలో అది దాని ఇష్టం.

ఇట్లు,
ఒక పాఠకురాలు