ఇద్దరం ఒకేసారి పడిపోయినప్పుడు మా కంపెనీని నిలబెట్టినవాళ్లకి

ఈ పోస్టు ఎప్పుడో రాయాల్సింది. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు ఏడుపు అందుకోవడమో, ఏదో ఒక సర్వర్ మొరాయించడమో జరుగుతూ వచ్చింది. ఇప్పుడు పిల్లలిద్దరూ కోలుకున్నారు, మా ఆయన లేచి తిరుగుతున్నారు, పెద్ద కస్టమర్ డేటా అంతా క్షేమంగా మా దగ్గరికి చేరింది. ఫోన్లో విడివిడిగా అందరికీ థ్యాంక్స్ చెప్పాను. కానీ ఎవరు ఏం చేశారో మీలో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అందుకే అందరి ముందూ చెప్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరు ముందే గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరికి వాళ్లకి తెలిసిపోతుంది.

మా గురించి కొత్తగా చదువుతున్నవాళ్లకి రెండు ముక్కలు. చిన్న క్లినిక్‌ల అపాయింట్‌మెంట్లు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. కోడ్, సర్వర్లు నావి. కస్టమర్లు, డబ్బు, కాగితాలు మా ఆయనవి. పాపకి నాలుగేళ్లు, బాబు ఇంకా పాకుతున్నాడు. మామూలు స్టార్టప్‌లో ఇద్దరు ఫౌండర్లుంటే వాళ్లకి రెండు ఇళ్లుంటాయి. ఒకరింట్లో పిల్లలకి ఒంట్లో బాగాలేకపోతే రెండోవాళ్లు కొన్నాళ్లు ఆఫీసు లాక్కొస్తారు. మా కంపెనీకి ఆ రెండో ఇల్లు లేదు. ఒక్క పాపకి జ్వరం వస్తే టెక్నికల్ హెడ్, సేల్స్ హెడ్ ఇద్దరూ ఒకేసారి సెలవు పెట్టినట్టే. ఇంట్లోకి వచ్చే రెండు జీతాలూ ఆ ఒక్క చోటి నుంచే రావాలి. అది వేరే టెన్షన్.

భార్యాభర్తలు కలిసి పెట్టిన కంపెనీల జాబితా ఎవరో ఒకరు మాకు పంపిస్తూనే ఉంటారు. 1984లో సిస్కో, 1998లో వీఎంవేర్, 2008లో బయోఎన్‌టెక్. వీటన్నిటిలోనూ ఫౌండర్లలో ఒక జంట ఉన్నమాట నిజమే, చదివితే ధైర్యం వచ్చేమాటా నిజమే. సిస్కో పెట్టిన లెనార్డ్ బోసాక్, శాండీ లెర్నర్ ఇద్దరూ 1990లోనే ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చేశారన్న సంగతి మాత్రం ఆ జాబితాలో ఉండదు. పిల్లలు మంచం పట్టిన వారం పని ఎవరు చేశారన్నది ఏ జాబితాలోనూ ఉండదు. మా ఇంట్లో ఎవరు చేశారో నేను రాస్తాను.

ముందు పాపకి వచ్చింది. అరచేతుల్లో, పాదాల మీద, నోట్లో పొక్కులు. హ్యాండ్ ఫుట్ మౌత్ అంటారు, చిన్నపిల్లల్లో తరచూ వచ్చేదే. అది వైరస్ జబ్బు కాబట్టి యాంటీబయాటిక్‌లు పనిచేయవు. చాలామందికి 7 నుంచి 10 రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. చిక్కంతా ఇంకోచోట ఉంది. వైరస్ సోకాక బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది. అంటే పాప తేరుకుని మళ్లీ అల్లరి మొదలుపెట్టే సమయానికి బాబు మొదలుపెట్టాడు. బాబుని ఎత్తుకు తిరిగిన మా ఆయన ఆ తర్వాత. పెద్దవాళ్లకి అరుదుగానే వస్తుందంటారు, వచ్చినప్పుడు మాత్రం అరచేతులతో ఫోన్ కూడా పట్టుకోలేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా కస్టమర్లందరిలోకీ పెద్దది, పాత సాఫ్ట్‌వేర్ వదిలేసి మా దానికి మారాలి.

పిల్లల డాక్టరుగారికి మొదటి నమస్కారం. ఆవిడ మందుల కంటే ఎక్కువగా ఒక కాగితం మీద రాసిచ్చారు: దేనికి కంగారు పడాలి, దేనికి పడక్కర్లేదు. నోట్లో పుండ్లున్న పసివాడు పాలు తాగడు, కాబట్టి అసలు భయం పొక్కుల గురించి కాదు, ఒంట్లో నీరు తగ్గిపోవడం గురించి. ఎనిమిది గంటలుగా డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, జ్వరం 3 రోజులు దాటినా వెంటనే తీసుకురమ్మన్నారు. ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించి, కింద డైపర్ మార్చిన టైములు రాసుకుంటూ వచ్చాం. 2:10, తడి. 5:40, తడి. మధ్యలో ఒకచోట నా చేతిరాతతోనే "బ్యాకప్ ఓకే" అని కూడా ఉంది. నిద్రమత్తులో ఏ కాగితం మీద ఏం రాస్తున్నానో చూసుకోలేదు. ఇంకో మాట కూడా చెప్పారావిడ, ఇది చాలామందికి తెలియదు: ఈ వైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బూ నీళ్లే దిక్కు. పొక్కులు మానిన తర్వాత కూడా పిల్లల విరేచనంలో వారాల తరబడి వైరస్ ఉంటుంది కాబట్టి డైపర్ మార్చిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాల్సిందే.

మా అత్తయ్యగారు బయల్దేరాకే ఫోన్ చేశారు. రమ్మంటారా అని అడిగి ఉంటే మేమిద్దరం తప్పకుండా వద్దనేవాళ్లం. వచ్చీ రాగానే చెప్పింది ఒకటే: "రాత్రి రెండింటి దాకా నాది. ఆ తర్వాత ఎవరిదో మీరూ మీరూ తేల్చుకోండి." తొమ్మిదింటికి పడుకుంటే రెండింటి వరకు ఐదు గంటలు, మధ్యలో లేవకుండా. పసిపిల్లలున్న ఇంట్లో అదెంత పెద్ద వరమో పిల్లల్ని పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొత్తం ఎనిమిది గంటలు పడుకున్నా ముక్కలు ముక్కలుగా పడుకున్న మనిషి చేతికి కస్టమర్ డేటాబేస్ ఇవ్వకూడదు. ఈ విషయంలో నేను చాలా కచ్చితం. ఇంకొకందుకు కూడా ఆవిడకి రుణపడి ఉంటాను. "ఇంత చిన్నపిల్లల్ని పెట్టుకుని ఈ కంపెనీ ఎందుకమ్మా" అనే హక్కు అందరికంటే ఎక్కువ ఉన్నది ఆవిడకే. ఒక్కసారి కూడా అనలేదు.

ఇక నా పాత టీమ్‌మేట్. పాపకి జ్వరం అని మెసేజ్ పెట్టిన సాయంత్రమే ఫోన్ చేసి, "నీ రన్‌బుక్ పంపు, అలర్ట్‌లు ముందు నాకు వచ్చేలా మార్చు" అంది. రన్‌బుక్ అంటే ఏ అలారం మోగితే ఏం చేయాలో వరసగా రాసిపెట్టుకునే పత్రం. మాకు అప్పటిదాకా అది సగం నా బుర్రలోనే ఉంది. తను ఫోన్లో ఒక్కో ప్రశ్న అడుగుతుంటే, బాబుని భుజాన వేసుకుని నేను చెప్తుంటే, తనే టైప్ చేసింది. డిస్క్ నిండితే ఏం చేయాలి? పేమెంట్లు ఆగిపోతే ముందు ఎక్కడ చూడాలి? ఎప్పుడు నన్ను లేపాలి? చివరి ప్రశ్నకి నేను "ఎప్పుడైనా లేపు" అన్నాను. తను ఒప్పుకోలేదు. డేటా పోయే ప్రమాదం ఉంటే తప్ప లేపను అని రాసుకుంది, అలాగే చేసింది కూడా. క్లినిక్‌ల డేటా అంటే రోగుల వివరాలు. అందుకని తనకి ఏ రికార్డూ కనపడని అకౌంటే కావాలని, గోప్యత ఒప్పందం మీద సంతకం అయ్యాకే లాగిన్ ఇవ్వమని పట్టుబట్టింది. స్నేహితురాలు కదా అని నేను వదిలేసేదాన్నేమో, తను వదల్లేదు.

పెద్ద కస్టమర్ డేటా మార్చే ముందు కల్పిత రికార్డులతో ఒక ట్రయల్ వేశాం. రికార్డుల లెక్క సరిపోయింది, బిల్లుల మొత్తాలు పైసాతో సహా సరిపోయాయి. నాకు హాయిగా అనిపించింది. తను మాత్రం అపాయింట్‌మెంట్ల పేజీ తెరిచి, "పొద్దున తొమ్మిదింటి పేషెంటు మధ్యాహ్నం రెండున్నరకి ఎందుకొస్తాడు?" అని అడిగింది. పాత సాఫ్ట్‌వేర్ టైముని స్థానిక సమయంలో దాస్తుంది, మాది యూటీసీలో, అంటే మన గడియారం కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. మార్చేటప్పుడు మధ్యలో ఆ తేడా తీసేయాలి. అది అసలు రాత్రి బయటపడి ఉంటే మర్నాడు పొద్దున క్లినిక్ గుమ్మం దగ్గర ఏం జరిగేదో తలుచుకోవాలని కూడా లేదు.

ఆ క్లినిక్ మేనేజర్‌గారికి కూడా ఇక్కడే చెప్పాలి. పరిస్థితి ఇదీ అని మా ఆయన ఉన్నదున్నట్టు చెప్తే, ఆవిడ తేదీ వెనక్కి జరిపారు. అంతవరకు చాలామంది చేస్తారు. ఆవిడ తన పైవాళ్లతో, "మా స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇంకా పూర్తి కాలేదు, అందుకే వాయిదా" అని చెప్పారట. ఆ సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది. ట్రైనింగ్ నిజంగానే పూర్తి కాలేదని ఆవిడ ఇప్పటికీ అంటారు. నేను నమ్మను.

మా దగ్గర పనిచేస్తున్న కుర్రాడికి ఇది మొదటి ఉద్యోగం. సపోర్టు కాల్స్ అన్నీ తనే తీసుకుంటానని చెప్పి, రోజు చివర ఒకే ఒక్క మెసేజ్ పెట్టేవాడు. అందులో మూడు భాగాలు: ఇప్పుడే చూడాల్సినవి, రేపు చూసినా ఫర్వాలేనివి, మీకు తెలిస్తే చాలు అనేవి. మొదటి భాగం దాదాపు ఎప్పుడూ ఖాళీయే. ఖాళీ అని రాసి పంపడమే ఎంత పెద్ద సాయమో అతనికి తెలుసో లేదో. మెసేజ్ రాకపోతే అంతా బాగున్నట్టా, లేక అతనూ మునిగిపోయినట్టా అని రాత్రంతా ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

మా ఆడిటర్‌గారు చేసిన సాయం చాలా ముందు చేసినది, పనికొచ్చింది ఇప్పుడు. కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి ఫౌండర్ల ఒప్పందం రాయించారు. మొగుడూ పెళ్లాలకి ఇదంతా ఎందుకండీ అని మేం నవ్వుకున్నాం. వాటాలు 4 ఏళ్లలో చేతికొచ్చేలా, మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఏమీ రాకుండా, బయటివాళ్లు ఎలా రాసుకుంటారో అలాగే రాయించారు. ఒకరు తప్పుకుంటే ఏమవుతుంది, ఒకరు పోతే ఏమవుతుంది, ఇద్దరికీ మాట కుదరకపోతే ఏ విషయంలో ఎవరిది చివరి మాట, అన్నీ. బ్యాంకులో ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేలా అప్పుడే పెట్టించారు. మా ఆయన చేతులు పనికిరాని రోజుల్లోనే జీతాలు వేయాల్సొచ్చింది. నేనే వేశాను, ఆలస్యం కాలేదు. నాకు అంత మటుకే అర్థమైంది అనుకునేరు, ఒప్పందం మొత్తం ఇప్పుడు మళ్లీ చదివాను.

పక్కింటి అక్కకి ఇద్దరు చిన్నపిల్లలు. తలుపు దగ్గరే నిలబడి, "లోపలికి రాను, ఏమనుకోకు. బయట పనులన్నీ నావి" అంది. మందులు, సరుకులు, చెత్త, కొరియర్లు. అంతే, అన్నీ జరిగిపోయాయి. రానని మొహం మీదే చెప్పినందుకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

రెస్ట్ తీసుకోండి, ఏమైనా కావాలంటే మొహమాటపడొద్దు అని మెసేజ్‌లు పెట్టినవాళ్లందరికీ కూడా థ్యాంక్స్, మనస్ఫూర్తిగానే. కొందరికి జవాబివ్వలేకపోయాను. నిజం చెప్పాలంటే ఆ స్థితిలో ఏం కావాలో ఆలోచించి, దాన్ని ఎవరికి అప్పజెప్పాలో తేల్చడం కూడా ఒక పనే. పైన రాసినవాళ్లంతా ఆ పని కూడా వాళ్లే చేసుకుని వచ్చారు.

మా ఆయన ఇది చదివి, "నాకు లేవా థ్యాంక్స్?" అన్నారు. ఫౌండర్లకి జీతమే, థ్యాంక్స్ ఉండవన్నాను. పోయిన నెల ఆ జీతం కూడా తీసుకోలేదని గుర్తుచేశారు. సరే, థ్యాంక్స్.

ఇప్పుడు మా దగ్గర ప్రతి ముఖ్యమైన పనికీ మూడో పేరు రాసి ఉంది. రన్‌బుక్‌ని ఆ కుర్రాడు కూడా నేర్చుకుంటున్నాడు, నెలకోసారి బ్యాకప్ వెనక్కి తెచ్చి చూసే పని అతనిదే.

చివరగా, నా పాత టీమ్‌మేట్‌కి. వచ్చే నెల నీ రెండో కాన్పు. నీ యాప్ సర్వర్లు అప్పుడు నేను చూసుకుంటానని చెప్పాను. రోజూ అడుగుతున్నాను, నువ్వేమో ఇంకా టైముంది అంటున్నావు. పిల్లలు తేదీలు పాటించరు తల్లీ. ఈ వారంలోగా నీ రన్‌బుక్ పంపించు, అలర్ట్‌లు నా నంబరుకి మార్చు. రోగుల వివరాలు లేకపోయినా గోప్యత ఒప్పందం కూడా పంపు, సంతకం పెట్టి ఇస్తాను.