మాతృభాష గడిలో ఏం రాయాలంటే

ఇచ్ఛాపురం

అమ్మలూ,

బాబు బడి ఫారంలో మాతృభాష దగ్గర ‘తెలుగు’ అని రాసి, అంతలో బామ్మ గుర్తొచ్చి పెన్ను ఆగిపోయిందన్నావు నిన్న. ఫోన్లో తేలే సంగతి కాదని కాగితం తీశాను.

మీ తాతయ్య 1930లో ఈ ఇంట్లోనే పుట్టారు. అప్పుడు మన ఇచ్ఛాపురం మద్రాసు రాష్ట్రం కింద గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైంది. బరంపురంతో సహా గంజాం అటు పోయింది. మనం ఇటే మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాం. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. మంచం ఉన్న చోటునుంచి జరపకుండానే ఆయన ఐదు చిరునామాల్లో బతికారు.

బామ్మది బరంపురం దగ్గర పల్లె. ఆవిడ పుట్టేనాటికి ఇద్దరిదీ ఒకే జిల్లా. పెళ్లయ్యేనాటికి పుట్టిల్లు వేరే రాష్ట్రం. కులం ఒకటే, భాషే వేరు, ఆవిడది ఒడియా. మన వైపు ఇలాంటి సంబంధాలు కొత్తేం కాదు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. విభజన గీత గీసినవాళ్లు భాష చూసే గీశామన్నారు. కానీ గీతకి అటు బరంపురంలో తెలుగువాళ్లు మిగిలారు, ఇటు మన వీధుల్లో ఒడియావాళ్లు మిగిలారు. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరి గారు పుట్టింది ఆ బరంపురంలోనే. మనకి మాత్రం పెద్దాసుపత్రికైనా, పట్టుచీరకైనా ఇప్పటికీ పాతిక కిలోమీటర్ల అవతలున్న ఆ ఊరే దగ్గర. శ్రీకాకుళం వెళ్లాలంటే పూట పడుతుంది.

నీకు గుర్తుందో లేదో, బామ్మ చేపలు కొనేటప్పుడు ‘ఏకొ, దుయి, తిని, చారి’ అని వేలితో జరుపుతూ లెక్కపెట్టేది. ధర దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగేది. చేపలమ్మే ఆవిడది దీనికి తలకిందులు: లెక్క తెలుగులో, పోట్లాట ఒడియాలో. బామ్మ పొద్దున్నే చద్దన్నం కుండ తీస్తూ, పెద్దయ్యాక నాకైతే ‘చద్దన్నం తినరా’ అనేది, తన అన్నయ్య వస్తే ‘పఖాళొ’ అనేది. కుండ ఒకటే.

ఇక ఊరి సంగతి. పంచాయతీగా ఉన్నది 1986లో మునిసిపాలిటీ అయింది. పేరుకే పట్నం, నాలుగు వీధులు దాటితే పొలాలు, కొబ్బరితోటలు. 2001లో జనం 32 వేల పైచిలుకు, 2011లో 36 వేల పైచిలుకు. పదేళ్లకి నాలుగువేలు కూడా పెరగలేదు. పిల్లలు పుట్టక కాదు, నీలాగా వెళ్లిపోయి. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై, గల్ఫ్... ఏ ఇంట చూసినా ఒక మంచం ఖాళీ. ఎన్నికల జాబితాలో మన నియోజకవర్గం నంబరు 1, రాష్ట్రం మనతోనే మొదలవుతుంది. నాయకుల పాదయాత్రలు మాత్రం ఇక్కడికొచ్చి ముగుస్తాయి, 2003లోనూ, 2013లోనూ, 2019లోనూ అదే జరిగింది. ముగిశాక ఎవరి దారి వారిదే. తాతయ్యకంటే ఏడాది పెద్దదైన మన బాహుదా నది వంతెన 2023 మేలో గ్రానైట్ లారీ ఎక్కితే కూలింది. నేను వెళ్లి చూశాను. చావు చూసినట్టే అనిపించింది.

అసలు విషయానికొస్తాను. 2011 జనగణనకి ఒక మాస్టారు వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు. పాపం చెమటలు కక్కుతున్నాడు, మజ్జిగ ఇచ్చాం. మాతృభాష అనేసరికి బామ్మ అడ్డుపడింది: ‘మా అమ్మ భాషా బాబూ, నా పిల్లల అమ్మ భాషా?’ ఆయన నవ్వేసి అందరికీ తెలుగు అని రాసుకుపోయాడు. నేనూ ఊరుకున్నాను. టెన్షన్ ఎందుకులే అనుకున్నాను.

తరువాత ఎప్పుడో నిబంధన చదివాను. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాషట. చిన్నప్పుడు మా అమ్మ నాతో మాట్లాడింది ఒడియానే, ఆ లెక్కన నాది ఒడియా! తెలుగులో చదివి, తెలుగులో కలలు కని, అరవై దాటిన నేను ఒడియావాణ్ణి. మీ అమ్మది పలాస, నీతో మాట్లాడింది తెలుగు, కాబట్టి నీది తెలుగే. బాబుతో నువ్వేం మాట్లాడుతున్నావో అదే వాడిది. ఇంగ్లీషు కాకుండా చూసుకో తల్లీ, అంతకన్నా చెప్పను.

అందుకే మన ఊళ్లో ఎంతమంది ఒడియావాళ్లు, ఎంతమంది తెలుగువాళ్లు అని ఎవరైనా అంకె చెబితే నేను పూర్తిగా నమ్మను. ఆ అంకెలో మీ బామ్మ లేదు. ఒడియా బడుల్లో పిల్లలు తగ్గడానికి ఆ అంకెల్లో ఒడియావాళ్లు తక్కువ కనిపించడమే కారణమని కొందరంటారు, ఉద్యోగాలే కారణమని ఇంకొందరంటారు. నాకు తెలిసిన ఓ బడిలో పుస్తకాలు దసరా దాకా రాలేదు. అప్పటికే సగంమంది తల్లిదండ్రులు పిల్లల్ని తెలుగు మీడియానికి మార్చేశారు.

2021లో జరగాల్సిన లెక్క కరోనాతో ఆగింది, ఇప్పుడు 2027కి వచ్చింది. ఈసారి అరుగు మీదికి ఎవరొచ్చినా నా గడిలో ఒడియా అని రాయిస్తాను, ‘తెలిసిన ఇతర భాషలు’ దగ్గర తెలుగు. నా వయసులో ఇదేం చాదస్తమని మీ అమ్మ ఇప్పటికే గొణుగుతోంది. బాబు ఫారంలో నువ్వు తెలుగే ఉంచు, అది తప్పు కాదు.

పెరట్లో పనస పండింది. మన వీధి కుర్రాడు ఆదివారం బెంగళూరు వస్తున్నాడు, తొనలు ఒలిచి డబ్బాలో పంపిస్తాను. బాబుకి పెట్టేటప్పుడు ఏకొ, దుయి, తిని అని లెక్కపెట్టి పెట్టు. చారి తరువాత పాంచొ, మరిచిపోయి ఉంటావు.

నాన్న