‘ముందూ తర్వాతా’ లెక్క చాలదు

సంపాదకులకు,

పథకం వచ్చాక ఆదాయం ఇంత పెరిగింది, చట్టం తెచ్చాక ఉద్యోగాలు అంత తగ్గాయి అనే వార్తలు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. అసలు ఆ పథకమే లేకుంటే ఏం జరిగేదని మాత్రం ఎవరూ అడగరు.

అమెరికాలోని న్యూజెర్సీ 1992 ఏప్రిల్‌లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందోసారి, తర్వాతోసారి సర్వే చేశారు. పూర్తికాల లెక్కన (పార్ట్‌టైమ్ వారిని సగంగా లెక్కిస్తే) హోటల్‌కు సగటు సిబ్బంది న్యూజెర్సీలో 20.44 నుంచి 21.03కు పెరిగితే, పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కు పడిపోయింది. అంటే ఇక్కడ 0.59 పెరుగుదల, అక్కడ 2.16 తగ్గుదల. రెంటి మధ్య తేడా 2.75. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న వాదనకు ఇది గట్టి దెబ్బే.

అయితే ఆ 2.75లో సింహభాగం పెన్సిల్వేనియా తగ్గుదలదే. పెంపు లేకుంటే న్యూజెర్సీ కూడా అంతే తగ్గేదని ఒప్పుకుంటేనే ఈ అంకె నిలుస్తుంది. పెంపుకు ముందు జరిగింది ఒకే సర్వే కాబట్టి, అంతకుముందు రెండు రాష్ట్రాలూ ఒకే తీరున నడిచాయా అన్నది ఆ సర్వేతో తేలదు. ఇలాంటి అధ్యయనం ఏదైనా, మార్పుకు ముందు నాలుగైదు దఫాల అంకెలను గ్రాఫులో చూపాలి. రెండు గీతలూ సమాంతరంగా సాగినంత మాత్రాన రుజువైనట్టు కాదు గానీ, అప్పటికే విడిపోతుంటే ఆ పోలికను పక్కన పెట్టేయొచ్చు.

ఇంకో లోపం పైకి కనబడదు. ఒకే రాష్ట్రపు అంకెలు ఏటికేడాది ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కిస్తే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే కొలత) ఉండాల్సిన దానికన్నా చిన్నదిగా వస్తుంది. ఆర్థికవేత్తలు బెర్ట్రాండ్, డఫ్లో, ముల్లైనాథన్ 2004లో ఉత్తుత్తి చట్టాలు కల్పించి పరీక్షిస్తే, నూటికి 5సార్లు రావాల్సిన తప్పుడు ‘ప్రభావం’ దాదాపు 45సార్లు వచ్చింది! చట్టం రాష్ట్రస్థాయిలో మారితే క్లస్టరింగ్ (ఒకదాన్నొకటి అంటిపెట్టుకున్న అంకెలను ఒకే గుంపుగా చూసి ఎర్రర్ లెక్కించడం) కూడా రాష్ట్రస్థాయిలోనే చేయాలి. రాష్ట్రాలు మరీ కొద్దిగా ఉంటే ఆ మందూ పనిచేయదు.

ఆదాయం, మార్కుల వంటి అర్హత గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవారిని పోల్చే కటాఫ్ పద్ధతికి ఒక తేలిక పరీక్ష ఉంది. గీతకు లాభం వచ్చే వైపే జనం గుమిగూడితే అంకెలను ఎవరో సర్దారని అనుమానించాలి. గుమిగూడకపోయినా, ఆ ఫలితం గీత దగ్గరివారికే వర్తిస్తుంది.

ఇకమీదట ఇలాంటి అధ్యయనం గురించి రాసేటప్పుడు, ఎవరితో పోల్చారు, ముందటి అంకెలు ఎన్నేళ్లవి అన్న రెండు ముక్కలూ వార్తలోనే ఇవ్వండి.

– ఒక అర్థశాస్త్ర పరిశోధకుడు