ర్యాలీ అయిపోయింది, పిల్లలకు ఓటు సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవానికి హైస్కూలు పిల్లలతో తీయించిన ర్యాలీల ఫొటోలు మర్నాడు మీ జిల్లా పేజీ నిండా వచ్చాయి. అప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. అందులో ఒక ర్యాలీ మా వీధి మీదుగానే వెళ్లింది. ప్లకార్డు పట్టుకున్న ఒక అబ్బాయిని 'ఏ క్లాసు నాన్నా?' అని అడిగితే తొమ్మిది అన్నాడు. 'ఓటు కోసం ఎక్కడ రాయించుకోవాలి?' అంటే తెల్లమొహం వేశాడు. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో తీసుకుని పంపేశారు. ఏటా ఇదే తంతు.

నేను 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. అందుకే ఇంత బాధ. ఎన్నికల సంఘం 2018లోనే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్లల కోసం, ఓటు గురించి నేర్పే ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు పెట్టమంది. ఉపన్యాసాలు కాదు, ఆటలతో, పనులతో నేర్పమంది. నేను చూసిన బళ్లలో ఆ క్లబ్బు రిజిస్టరులో ఉంది, పిల్లలకు మాత్రం దాని పేరే తెలియదు.

అసలు క్లాస్ లీడర్‌ని ఎలా పెడుతున్నారో చూడండి. ఫస్ట్ ర్యాంకు వచ్చిన వాడే లీడరు, సారు చెప్పాడు కాబట్టి లీడరు. నేను పనిచేసిన బడిలో ఒక ఏడాది తొమ్మిదో తరగతిలో ఎన్నిక పెట్టించాను. సుద్దముక్కల డబ్బానే బ్యాలెట్ పెట్టె. నామినేషన్లు, ప్రచారం, వేలికి స్కెచ్ పెన్ను సిరా, అన్నీ పిల్లలే చూసుకున్నారు. ప్రచారం రెండో రోజున ఒక కుర్రాడు ఓటేస్తే పుల్లైసు కొనిస్తానని తిరుగుతున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి అదే మాట్లాడుకున్నాం. 'మా ఇంట్లో కూడా డబ్బులు తీసుకున్నారు సార్, తప్పు కాదా?' అని ఒకమ్మాయి అడిగింది. ఎన్నికల ముందు రాత్రి కవరు వస్తే ఇంట్లో లెక్కపెట్టేటప్పుడు పిల్లలు పక్కనే ఉంటారు కదా! దానికి నేను చెప్పిన జవాబు కన్నా, వాళ్లలో వాళ్లు గంటసేపు చేసిన వాదనే వాళ్లకు ఎక్కువ నేర్పింది. చివరికి వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి మూడు ఓట్ల తేడాతో గెలిచింది. వారం లోపలే ఆడపిల్లల బాత్రూముకు నీళ్లు లేవని అర్జీ రాసి, అందరితో సంతకాలు పెట్టించి హెడ్మాస్టరుకు ఇచ్చింది. కుళాయి వచ్చింది. దీనికి పైసా ఖర్చు కాలేదు.

ఇప్పుడు ఈ పని చేయడానికి పీరియడ్ ఏది? పదో తరగతి వచ్చేసరికి సోషల్ పీరియడ్ లెక్కలకు పోతుంది. ప్రైవేటు బళ్లలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, ఒక్క దరఖాస్తు పిల్లల చేత రాయించిన బడి నాకు ఇంతవరకు కనబడలేదు. వెలిగొండ నీళ్ల ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. అప్పుడు పుట్టిన వాళ్ల పిల్లలు కూడా బడికి వస్తున్నారు. మార్కాపురం వైపు ఫ్లోరైడు నీళ్ల బాధ పడుతున్న ఊళ్ల పిల్లలకు ఆ ప్రాజెక్టు గురించి అడిగే హక్కు తమకుందని ఎవరు చెప్పాలి? నెల్లూరు జిల్లాలోనే, కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రి బడికి అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోసమ్మ గారి పేరు రాష్ట్రమంతా మోగింది, 1993లో సారా నిషేధం వచ్చింది. రాత్రి బడి అంత పని చేసింది. పగటి బడి ఎందుకు చేయలేదు?

ఇక నమోదు సంగతి. 17 ఏళ్లు నిండిన వాళ్లు ముందుగానే ఓటరు నమోదు దరఖాస్తు, అంటే ఫారం-6, పెట్టుకోవచ్చని 2022లోనే మార్చారు. జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా 18 నిండాయో లేదో చూసే అర్హత తేదీలే. మా మనవరాలికి వచ్చే మే నెలలో 18 నిండుతాయి. డిసెంబరులో పదో తరగతి సర్టిఫికెట్‌తో సహా తీసుకెళ్తే, ఆఫీసులో 'పద్దెనిమిది నిండాక రామ్మా' అని తిప్పి పంపేశారు. తప్పెవరిదని కాదు, ఆ నిబంధన తెలియాల్సిన చోటే తెలియలేదు. అంగన్‌వాడీ టీచర్లకు, సచివాలయం సిబ్బందికి ఉన్న పని మీద ఓటర్ల జాబితా చూసే బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) పని కూడా వేస్తున్నారు, వాళ్లను అనడం లేదు. కానీ ఇంటర్ పిల్లలు వేలమంది నెల్లూరు, ఒంగోలు హాస్టళ్లలో ఉంటారు. హాస్టల్ అడ్రసు మీద గానీ, సొంతూరి అడ్రసు మీద గానీ పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ మాట చెప్పే ప్రిన్సిపాల్ ఎవరు? సెకండియర్‌లో ఒక్క పూట బీఎల్వోను కాలేజీకే పిలిపిస్తే చాలదా?

నెల్లూరు, ప్రకాశం కలెక్టర్లు ఇద్దరినీ నేను అడిగేది ఒకటే. వచ్చే జనవరి 25న ర్యాలీ మానేయండి. ఆ రోజు ప్రతి హైస్కూల్లో క్లాస్ లీడర్ ఎన్నిక పెట్టించండి, ప్రతి జూనియర్ కాలేజీలో ఫారం-6 నింపించండి.

ఈ నెలలో మా మనవరాలిని తీసుకుని మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను. ఈసారి ఫారంతో పాటు ఆ నిబంధన ప్రింటు కూడా పట్టుకెళ్తున్నాను.

– ఒక విశ్రాంత సోషల్ టీచర్, కందుకూరు